కడుపు మంట బిళ్ళలు – వాడవలసిన తీరు
రచన: సహకార ఇన్‌స్పెక్టరు

పాడి మీద ఆధారపడిన కుటుంబంలో నిద్రకూ తిండికీ వేళలు పశువులను బట్టి ఉంటాయి. తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, పరగడుపున టీ తాగడం, పాలు పితికి కేంద్రంలో పోసి రావడం, మేత పనీ పొలం పనీ చూసుకొని ఏ 10 గంటలకో చద్దన్నం తినడం అలవాటు. సాయంత్రం పాలు పోసి వచ్చి, పశువులకు మేత వేసి, రాత్రి 9 గంటలకు భోజనం చేసి వెంటనే పడుకుంటాము. ఇటువంటి దినచర్యలో కడుపులో మంట, పులిత్రేన్పులు, ఛాతీలో మంట, "గ్యాసు" అనే మాటలు తరచుగా వినబడడం వింత కాదు.

వీటికి ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ బిళ్ళలు దొరుకుతున్నాయి. తనిఖీకి వెళ్ళిన సంఘాలలో రసీదు పుస్తకాల పక్కన ఈ మాత్రల అట్ట కనబడడం మామూలైపోయింది. "ఎవరు రాసిచ్చారు?" అని అడిగితే "షాపులో అడిగి తెచ్చుకున్నాను" అంటారు. "ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు?" అంటే "రెండు మూడేళ్ళ నుంచి" అంటారు. ఇవి మంచి మందులే. వీటివల్ల ఎందరో ఆపరేషను అవసరం లేకుండా బయటపడ్డారు. అయితే కారణం తెలుసుకోకుండా, వేళ పాటించకుండా, గడువు లేకుండా వాడితే మేలు తగ్గి కీడు మొదలవుతుంది. కనుక సభ్యులు ఈ విషయాలు తెలుసుకొని ఉండడం అవసరం. ఈ వ్యాసం డాక్టరు సలహాకు బదులు కాదనీ, డాక్టరును ఏమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రమేననీ మనవి.

కడుపులో ఆమ్లం ఎందుకు?

మన జీర్ణకోశం రోజుకు సుమారు 2 లీటర్ల జఠర రసం ఊరిస్తుంది. ఇందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. మాంసకృత్తులు అరగడానికీ, తిండితో పాటు లోపలికి పోయే సూక్ష్మజీవులు చావడానికీ, తిండిలోని ఇనుము, బి12 విటమిను ఒంటికి పట్టడానికీ ఈ ఆమ్లం తోడ్పడుతుంది. అంటే ఆమ్లం మన శత్రువు కాదు. కడుపు లోపలి గోడ మీద ఉండే జిగురు పొర ఆ ఆమ్లం నుంచి కడుపును కాపాడుతుంది. చిక్కు రెండు విధాలుగా వస్తుంది. ఆమ్లం తన చోటు విడిచి పైకి అన్నవాహికలోకి ఎగదన్నితే ఛాతీ మంట, పులిత్రేన్పులు వస్తాయి. కడుపు గోడకున్న కాపుదల దెబ్బతింటే పుండు, అనగా అల్సర్, పడుతుంది.

కాపుదల దెబ్బతినడానికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో దీనిని వేరుచేసి చూపించారు. కారం, చింత, దిగులు వల్లనే అల్సర్ వస్తుందని అంతవరకు లోకమంతా నమ్మింది. మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను తానే తాగి, కడుపు వాపు తెచ్చుకొని రుజువు చూపించాడు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో పెద్దవారిలో సగం మందికి పైగా కడుపులో ఈ సూక్ష్మజీవి ఉంటుంది. అందరికీ పుండు పడదు గాని, పుండు పడిన వారిలో దీనిని వెతికి తీసివేయడం తప్పనిసరి.

రెండవ కారణం నొప్పి బిళ్ళలు. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి మన సభ్యులకు కొత్త కాదు. గడ్డి మోపులు మోయడం, వంగి పాలు పితకడం వల్ల వచ్చే ఈ నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి బిళ్ళలు వేసుకుంటాము. ఇవి నొప్పిని తగ్గిస్తూనే కడుపు కాపుదలను కూడా తగ్గిస్తాయి. ఇంజక్షనుగా తీసుకుంటే కడుపుకు ఇబ్బంది ఉండదన్న నమ్మకం సరికాదు. మందు రక్తంలో చేరి అదే పని చేస్తుంది.

ఇవి గాక బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, సారా, వేళ తప్పిన తిండి, తిన్న వెంటనే పడుకోవడం, పెరిగిన పొట్ట కూడా మంటను పెంచుతాయి. ఆవకాయ, పచ్చిమిరప కారం అల్సర్‌ను పుట్టించవు. అయితే కొందరికి ఉన్న మంటను ఎక్కువ చేస్తాయి. ఎవరికి పడనిది వారు తగ్గించుకుంటే చాలును.

మందులు మూడు రకాలు

"గ్యాస్ బిళ్ళ" అని ఒకే పేరుతో పిలిచినా ఇవి మూడు వేరు వేరు జాతుల మందులు. ఏది దేనికో తెలియకపోవడం వల్లనే తప్పు వాడకం ఎక్కువగా జరుగుతున్నది.

మొదటి రకం ఊరిన ఆమ్లాన్ని విరిచేవి. డైజీన్, జెలుసిల్ వంటి మందు నీళ్ళు, నమిలే బిళ్ళలు ఈ కోవకు చెందినవి. నిమిషాలలో పని చేస్తాయి, ఒకటి రెండు గంటలలో పని ముగుస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు ఇవి సరిపోతాయి. సీసాను బాగా కుదిపి తాగాలి, బిళ్ళను బాగా నమలాలి. వీటిలో అల్యూమినియం ఎక్కువైతే మలబద్ధకం, మెగ్నీషియం ఎక్కువైతే నీళ్ళ విరేచనం అవుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటిని వాడరాదు.

రెండవ రకం ఆమ్లం ఊరడాన్ని కొంతవరకు తగ్గించేవి. ఈ జాతిలో సిమెటిడిన్ 1976లో అమ్మకానికి వచ్చింది. దానిని కనిపెట్టిన కృషిలో ముఖ్యుడైన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత ర్యానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చాయి. ఇవి సుమారు గంటలో పని మొదలుపెట్టి సగం రోజు వరకు పని చేస్తాయి. రోజూ వాడుతూ పోతే ఒకటి రెండు వారాలలో ఒళ్ళు వీటికి అలవాటుపడి గుణం తగ్గుతుంది. ర్యానిటిడిన్ విషయంలో సభ్యులు ఒకటి గమనించాలి. కొన్ని తయారీలలో క్యాన్సరు కలిగించగల ఎన్.డి.ఎం.ఏ. అనే మలినం ఉన్నట్లు 2019లో బయటపడింది. 2020లో అమెరికా ప్రభుత్వం ఈ మందును అమ్మకం నుంచి తొలగించమన్నది. మన దేశంలో 2022లో అత్యావశ్యక మందుల జాతీయ జాబితా నుంచి దీనిని తీసివేశారు. పాత అలవాటు కొద్దీ దీనినే అడిగి కొనేవారు బదులు మందు గురించి డాక్టరుతో మాట్లాడడం మంచిది.

మూడవ రకం అన్నిటికంటే బలమైనవి. ఓమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ – పేరు చివర "ప్రజోల్" అని ఉంటే ఈ జాతి అని గుర్తు పెట్టుకోవచ్చును. ఓమెప్రజోల్ 1988లో ఐరోపాలో వాడకానికి వచ్చింది. కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోడే అతి చిన్న పంపులు ఉంటాయి. మన బావి మీద మోటారు వంటివే అనుకోండి. ఈ మందు ఆ పంపులనే కట్టివేస్తుంది. అల్సర్‌కూ, ముదిరిన ఛాతీ మంటకూ ఇదే సరైన మందు. అయితే వేసుకున్న వెంటనే ఉపశమనం ఇచ్చేది కాదు. పూర్తి గుణం కనబడడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మంట పుట్టిన క్షణంలో ఒక బిళ్ళ మింగి, తగ్గలేదని మరొకటి మింగడం వల్ల ప్రయోజనం లేదు. చట్టం ప్రకారం ఇవి డాక్టరు చీటీ మీద అమ్మవలసిన మందులు.

ఈ సందర్భంలో ఇంకొక హెచ్చరిక. పేరు చివర "డి" అక్షరం చేర్చి అమ్మే బిళ్ళలలో చాలా వాటిలో డాంపెరిడోన్ అనే రెండవ మందు కలిసి ఉంటుంది. అది వాంతులను ఆపే మందు. గుండె జబ్బు ఉన్నవారిలో, 60 ఏళ్ళు దాటినవారిలో అది గుండె లయను తప్పించే ప్రమాదం ఉన్నది. దానిని సాధారణంగా ఒక వారానికి మించి వాడరాదని ఐరోపా ఔషధ అధికారులు 2014లో చెప్పారు. డాక్టరు "డి" లేని బిళ్ళ రాస్తే, షాపువారు "డి" ఉన్నది ఇచ్చినా తీసుకోకండి.

బిళ్ళ వేసుకునే వేళ

మూడవ రకం బిళ్ళకు వేళ చాలా ముఖ్యం. మనం తిన్నప్పుడే కడుపులోని పంపులు పని మొదలుపెడతాయి. పని చేస్తున్న పంపునే ఈ మందు పట్టుకోగలదు. కనుక భోజనానికి అరగంట నుంచి గంట ముందు బిళ్ళ వేసుకొని, ఆ తరువాత తప్పకుండా తినాలి. అన్నం తిన్న తరువాత, లేదా రాత్రి పడుకునేటప్పుడు వేసుకుంటే మందు గుణం బాగా తగ్గుతుంది. "బిళ్ళ పని చేయడం లేదు" అనేవారిలో చాలామంది వేళ తప్పినవారే.

మన సభ్యులకు ఇది కష్టం కాదు. పొద్దున కేంద్రానికి పాలు తీసుకొని బయలుదేరే ముందు ఒక గ్లాసు మంచినీళ్ళతో బిళ్ళ మింగండి. పాలు పోసి ఇంటికి వచ్చేసరికి అరగంట, ముప్పావు గంట గడుస్తుంది. రాగానే టీతో సరిపెట్టక ఇడ్లీయో, చద్దన్నమో, జొన్న రొట్టెయో తినండి. తెల్లవారుజామున 4 గంటలకు బిళ్ళ మింగి 10 గంటల దాకా ఏమీ తినకపోతే మందు వృథా అవుతుంది. తినడం ఆలస్యమయ్యేవారు బిళ్ళను కూడా ఆ మేరకు ఆలస్యంగా వేసుకోవాలి.

బిళ్ళను నీళ్ళతోనే మింగాలి, పాలతో వద్దు. నమలకూడదు, నలగ్గొట్టకూడదు. దాని మీద ఉన్న పూత మందును కడుపులోని ఆమ్లం నుంచి కాపాడి పేగులోకి చేరుస్తుంది. పూత పగిలితే మందు కడుపులోనే చెడిపోతుంది. ఒక పూట మరచిపోతే మరునాడు రెండు కలిపి వేసుకోరాదు.

పాలు తాగితే అల్సర్ మానుతుందా?

ఈ ప్రశ్నకు పాల సంఘం పత్రికలో ఉన్నదున్నట్లు జవాబు చెప్పవలసి ఉన్నది. చల్లని పాలు తాగగానే మంట చల్లబడిన మాట నిజమే. పాలు కాసేపు ఆమ్లాన్ని విరుస్తాయి. అయితే పాలలోని మాంసకృత్తులు, కాల్షియం కడుపును మళ్ళీ ఎక్కువ ఆమ్లం ఊరేటట్లు చేస్తాయి. గంట రెండు గంటలలో మంట తిరిగి వస్తుంది.

అమెరికాలోని షికాగోలో బెర్ట్రామ్ సిప్పీ అనే వైద్యుడు 1915లో అల్సర్ రోగులకు గంట గంటకూ పాలు, మీగడ, మధ్యమధ్య సోడా వంటి క్షార పొడులు ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. కొన్ని దశాబ్దాలు లోకమంతా దానినే పాటించారు. పాలూ క్షారమూ ఎక్కువ మోతాదులో కలిసినందువల్ల కొందరు రోగులకు రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1986లో మన దేశపు వైద్యులు ఒక పరిశీలన జరిపి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. అల్సర్ రోగులందరికీ ఒకే మందు ఇస్తూ, కొందరిని పాల మీద, కొందరిని మామూలు భోజనం మీద ఉంచారు. పాల మీద ఉన్నవారిలోనే పుళ్ళు మానడం తక్కువగా కనబడింది.

కనుక పాలను మందుగా కాక ఆహారంగా తాగండి. పాలలో మంచి మాంసకృత్తులు, కాల్షియం, శాకాహారులకు అరుదైన బి12 విటమిను ఉన్నాయి. రోజుకు ఒకటి రెండు గ్లాసులు పడినవారు అల్సర్ ఉన్నా తాగవచ్చును. అల్సర్ కోసమని భోజనం మాని పాల మీద ఉండనక్కరలేదు. పాలు తాగిన తరువాతనే కడుపుబ్బరం, గ్యాసు, నీళ్ళ విరేచనం వస్తే అది ఆమ్లం జబ్బు కాకపోవచ్చును. పాలలోని చక్కెర, అనగా లాక్టోజు, అరగనివారికి అలా జరుగుతుంది. వారు ఎన్ని ఆమ్లం బిళ్ళలు వేసుకున్నా ఫలితం ఉండదు. పెరుగు, మజ్జిగ వారికి మెరుగ్గా పడతాయి.

వంట సోడా సంగతి

పశువు అన్నమో, పిండో, ధాన్యమో ఎక్కువ తిని పొట్టలో ఆమ్లం పెరిగినప్పుడు పశువైద్యులు తినే సోడా వాడతారు. అది చూసి మనలో కొందరు మజ్జిగలోనో నీళ్ళలోనో చెంచాడు సోడా కలుపుకొని తాగుతున్నారు. ఒక టీ చెంచా సోడాలో సుమారు 1.2 గ్రాముల సోడియం ఉంటుంది. రోజంతటికీ అన్ని రకాల తిండిలో కలిపి 2 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తపోటు, గుండె జబ్బు, కాళ్ళ వాపు ఉన్నవారికీ, గర్భిణులకూ సోడా హాని చేస్తుంది. ఈనో వంటి పొంగే పొడులలో కూడా సోడాయే ముఖ్యం. ఎప్పుడో ఒకసారి ఆరోగ్యవంతుడు తాగితే తప్పు లేదు గాని, రోజూ తాగే పానీయం కాదు. పశువుల కోసం తెచ్చిన సంచిలోని సోడా, పశువుల మందులు మనుషులు ఎంత మాత్రమూ వాడరాదు.

పులిసిన పాలలో సోడా కలిపితే ఏమవుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పులుపు నాలుకకు తెలియదు, కాచినా విరగకపోవచ్చును. పాలు మాత్రం బాగుపడవు. అందుకే చిల్లింగ్ సెంటరులో రోజాలిక్ ఆమ్లం పరీక్ష చేసి, గులాబీ రంగు వస్తే పాలను తిప్పి పంపుతారు. కారణం తెలియకుండా ఏళ్ళ తరబడి ఆమ్లం బిళ్ళ వేసుకోవడం కూడా ఇటువంటిదే. మంట తెలియకుండా పోతుంది, లోపలి జబ్బు ఉన్నచోటనే ఉంటుంది. సూక్ష్మజీవి వల్ల వచ్చిన పుండు బిళ్ళతో మానినట్లే మాని, బిళ్ళ ఆపగానే తిరగబెడుతుంది. దానికి రెండు రకాల సూక్ష్మజీవి నాశక మందులు, ఆమ్లం బిళ్ళ కలిపి సాధారణంగా 14 రోజులు పూర్తిగా వాడాలి. నాలుగు రోజులకే బాగుందని ఆపరాదు. ఈ సూక్ష్మజీవిని కనిపెట్టే ఊపిరి పరీక్షకు, మల పరీక్షకు ముందు రెండు వారాలు "ప్రజోల్" బిళ్ళ మానివేయాలి. లేకపోతే జబ్బు ఉన్నా లేనట్లు చూపవచ్చును. కడుపు క్యాన్సరు తొలి దశలో ఉండే మంట కూడా ఈ బిళ్ళలతో కొంతకాలం అణగి ఉండవచ్చును.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తులు

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనబడినా బిళ్ళతో కాలయాపన చేయకండి.

1. తారు వలె నల్లగా, జిగటగా విరేచనం కావడం. (ఇనుము బిళ్ళలు వాడేవారికి కూడా నల్లగా అవుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.)
2. రక్తం గాని, కాఫీ పొడి రంగు పదార్థం గాని వాంతి కావడం.
3. ముద్ద మింగుడు పడకపోవడం, మింగితే నొప్పి పుట్టడం.
4. కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం, రక్తం తక్కువ కావడం.
5. వాంతులు ఆగకపోవడం, ఉన్నట్టుండి భరించలేని కడుపు నొప్పి వచ్చి పొట్ట గట్టిపడడం.
6. 50 ఏళ్ళు దాటిన తరువాత మొట్టమొదటిసారి ఈ మంట మొదలు కావడం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది గుండె నొప్పి. ఛాతీ మధ్య బరువు పెట్టినట్లు బిగపట్టడం, చెమటలు పోయడం, ఎడమ చెయ్యికో దవడకో వీపుకో నొప్పి పాకడం, ఆయాసం, నడిస్తే నొప్పి ఎక్కువ కావడం – ఇవి గుండెపోటు గుర్తులు. స్త్రీలలోనూ, చక్కెర జబ్బు ఉన్నవారిలోనూ నొప్పి స్పష్టంగా లేక కడుపులో ఇబ్బందిగా, త్రేన్పులుగా, నీరసంగా మాత్రమే ఉండవచ్చును. "గ్యాసు పట్టింది" అనుకొని బిళ్ళ వేసుకొని పడుకున్నవారు తెల్లవారి లేవని సంఘటనలు పల్లెల్లో వింటూనే ఉన్నాము. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే. అనుమానం వస్తే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరి ఇ.సి.జి. తీయించుకోండి. అది గ్యాసే అని తేలితే నష్టం లేదు.

ఎన్నాళ్ళు వాడాలి?

ప్రతి ఆమ్లం బిళ్ళకూ ఒక గడువు ఉంటుంది. పేగు మొదట్లో పడిన పుండుకు సాధారణంగా 4 వారాలు, కడుపులోని పుండుకు 8 వారాలు, ఛాతీ మంటకు 4 నుంచి 8 వారాలు వాడమంటారు. ఆ తరువాత మళ్ళీ చూపించుకొని, ఆపాలా, మోతాదు తగ్గించాలా, కొనసాగించాలా అన్నది తేల్చుకోవాలి.

ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిను, మెగ్నీషియం, ఇనుము తగ్గడం, ఎముకలు విరిగే అవకాశం కొంత పెరగడం, పేగులకు సూక్ష్మజీవుల వల్ల విరేచనాలు రావడం గమనించారు. అరుదుగా మూత్రపిండాలు వాస్తాయి. మూత్రపిండాలకు హఠాత్తుగా హాని కలగవచ్చునన్న హెచ్చరికను ఈ మందుల వివర పత్రంలో చేర్చాలని మన కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2019లో సూచించారు. అందరికీ ఇవి వస్తాయని భయపడనక్కరలేదు. ఒక్కొక్కరి విషయంలో ప్రమాదం చిన్నదే. అవసరం లేని మందుకు ఆ చిన్న ప్రమాదం కూడా ఎందుకన్నదే ప్రశ్న. కాళ్ళు చేతులు తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం, మూత్రం తగ్గడం, తెగని విరేచనాలు కనబడితే డాక్టరుకు చెప్పాలి.

చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపినవారికి కొన్ని వారాల పాటు ఆమ్లం ముందుకంటే ఎక్కువగా ఊరుతుంది. "బిళ్ళ లేకపోతే బతకలేను" అని వారు మళ్ళీ మొదలుపెడతారు. ఇది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చును. డాక్టరు సలహాతో మొదట మోతాదు సగానికి, తరువాత రోజు విడిచి రోజుకు తగ్గించి, మధ్యలో మంట వస్తే మొదటి రకం మందు నీళ్ళతో సర్దుకుంటే చాలామంది మానగలుగుతారు.

అయితే తమంతట తాము ఆపకూడనివారు కూడా ఉన్నారు. గుండెకు స్టెంటు వేయించుకొని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఇదివరలో కడుపులో రక్తస్రావం జరిగినవారు, కీళ్ళవాతానికి నొప్పి బిళ్ళలు తప్పనివారు, అన్నవాహిక బాగా దెబ్బతిన్నవారు కడుపు రక్షణ కోసమే ఈ బిళ్ళలు వాడుతుంటారు. ఈ వ్యాసం చదివి వారు మాత్రం మందు ఆపవద్దు.

ఇతర మందులతో జాగ్రత్త

క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఓమెప్రజోల్, ఈసోమెప్రజోల్ తగవు. ఆ మందు గుణాన్ని ఇవి తగ్గిస్తాయి. పాంటోప్రజోల్ వంటిది డాక్టరు ఎంపిక చేస్తారు. థైరాయిడు బిళ్ళ, ఇనుము బిళ్ళ వాడేవారు ఆమ్లం బిళ్ళ సంగతి తప్పక చెప్పాలి, వాటి మోతాదు సరిచూడవలసి రావచ్చును. మందు నీళ్ళు తాగిన వెంటనే ఇతర మందులు, ముఖ్యంగా కొన్ని సూక్ష్మజీవి నాశక మందులు వేసుకుంటే అవి ఒంటికి పట్టవు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, థైరాయిడు బిళ్ళకైతే నాలుగు గంటలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలో ఏ బిళ్ళ అయినా డాక్టరు చెప్పకుండా వద్దు.

మంటను తగ్గించే అలవాట్లు

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. సాయంత్రం పాలు పోసి రాగానే తినివేసి, పశువుల పని ఆ తరువాత చేసుకుంటే ఈ ఎడం దానంతట అదే వస్తుంది. రాత్రిళ్ళు పులుపు గొంతులోకి వచ్చేవారు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఒక జానెడు ఎత్తు చేసుకోవాలి. తల కింద రెండు దిండ్లు పెడితే మెడ వంగుతుందే గాని ఫలితం ఉండదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మంచిది. పొట్ట తగ్గించుకోవడం, పొగాకు, సారా మానడం చాలామందికి మందుతో సమానంగా పనిచేస్తాయి. నొప్పులకు కాపడం, విశ్రాంతి ముందు ప్రయత్నించి, బిళ్ళ తప్పనప్పుడు ఏది వాడాలో డాక్టరును అడగండి.

మందులకు కూడా ఒక లెక్క

పాలు పోసిన లెక్క పూట పూటకూ రాసుకునే మనం ఒంట్లోకి పోసే మందు లెక్క రాయకపోవడం న్యాయం కాదు. ఒక కాగితం మీద మందు పేరు, రాసిన డాక్టరు, మొదలుపెట్టిన తేదీ, ఆపవలసిన తేదీ అని నాలుగు గళ్ళు గీసి, ఇంట్లో ఎవరు ఏది వాడుతున్నా రాసి ఉంచండి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ కాగితమూ, మాత్రల అట్టలూ వెంట తీసుకువెళ్ళండి. షాపులో రెండు మూడు బిళ్ళలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు, గడువు తేదీ కనబడవు. అవి చూడకుండా కొనకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే చూపించుకొని మందు కూడా ఉచితంగా పొందవచ్చును. జన ఔషధి దుకాణాలలో ఇదే మందు తక్కువ ధరకు లభిస్తుంది. ధర తక్కువని మందు గుణం తక్కువ అనుకోనక్కరలేదు.

ఇప్పటికే రెండు నెలలకు మించి డాక్టరు మాట లేకుండా "ప్రజోల్" బిళ్ళ వాడుతున్న సభ్యులు ఈ నెలలోనే ఒకసారి డాక్టరును కలిసి "ఇది నాకు ఎందుకు, ఎన్నాళ్ళు?" అని అడగవలసిందిగా కోరుతున్నాను. సంఘాల కార్యదర్శులు వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన ఆరు గుర్తులను, గుండెపోటు గుర్తులను, 108 నంబరును పెద్ద అక్షరాలతో రాయించి, పాలు పోసే చోట అందరికీ కనబడేటట్లు అంటించగలరు. చదువురాని సభ్యులకు పాలు పోసే వేళ ఎవరైనా ఒకరు చదివి వినిపిస్తే మరింత మేలు.